మీకు తిరిగి రావడం, పాపకు విడిచి రావడం

ప్రశ్న: తొమ్మిదేళ్లు డల్లాస్‌లో ఉండి, మే నెలాఖరున హైదరాబాద్ వచ్చేశాము. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. 3 ఏళ్ల బాబు అందరితో కలిసిపోయాడు. 6 ఏళ్ల పాప మాత్రం బెంగ పెట్టుకుంది. బడిలో నోరు విప్పదు. తెలుగు పుస్తకం తీస్తే ఏడుస్తుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. రోజూ ‘మన ఇంటికి ఎప్పుడు వెళ్దాం?’ అని అడుగుతుంది. మావారు ఉద్యోగం పని ముగించుకుని డిసెంబరులో వస్తారు. ‘నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది’ అంటారు మా అత్తగారు. రెండు నెలలు దాటింది. మేము తప్పు చేశామా?
– ఒక తల్లి, హైదరాబాద్

సలహా: మీరు ‘వచ్చేశాము’ అని రాశారు. మీరు మీవాళ్ల దగ్గరికి, మీ భాషలోకి తిరిగి వచ్చారు. పాప తన గదిని, స్నేహితులను, పుట్టిన ఊరిని విడిచి, సెలవుల్లో చుట్టపుచూపుగా తప్ప ఎరగని చోటికి వచ్చింది. పైగా నాన్న అక్కడే ఉన్నారు. ఆయన ఉన్న ఇంటిని ‘మన ఇల్లు’ అనడం మొండితనం కాదు. బాబుతో పోల్చకండి. ఆ వయసులో అమ్మ ఉన్నదే ఇల్లు.

మీరు తప్పు చేయలేదు. కానీ పాపను అడగకుండా తన లోకాన్ని మార్చారు. ఆ మాట తనతోనే చెప్పండి. ‘ఎప్పుడు వెళ్దాం’ అంటే ‘చూద్దాం’ అని దాటవేయవద్దు. రేపు నమ్మకం పోయేది అక్కడే. ‘ఇక మనం ఇక్కడే ఉంటాము. ఆ ఇల్లు నాకూ గుర్తొస్తుంది’ అనండి. ఏడిస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడవనివ్వండి. ఫోను చేతికిచ్చి మరిపించవద్దని గట్టిగా చెబుతున్నాను.

నాన్నతో రోజూ ఒకే వేళకు మాట్లాడించండి. మనకు ఉదయం 7.30 అయితే డల్లాస్‌లో ముందురోజు రాత్రి 9. బడికి బయలుదేరే ముందు పది నిమిషాలు చాలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు కాబట్టి ఆయనకు 8 అవుతుంది. పాప వేళ మార్చనక్కరలేదు. నాన్న వచ్చే టికెట్ ఖాయమయ్యాకే ఆ తేదీ చుట్టూ క్యాలెండరులో పాప చేత సున్నా చుట్టించండి.

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు నేర్పాల్సిందే కనుక పుస్తకం ఉంటుంది. అయితే ఈ ఏడాది మార్కులను మీరు పట్టించుకోబోరని టీచరుకు ముందే చెప్పండి. ముందు చెవికి, నోటికి తెలుగు అందాలి. అందుకు మీ అత్తగారిని మించిన గురువు లేరు. రాత్రి కథ, కూరగాయలు తరిగేటప్పుడు వాటి పేర్లు ఆవిడ చెబితే చాలు. గుణింతాలు ఎక్కడికీ పోవు. చుట్టాలు ‘ఏదీ, తెలుగులో మాట్లాడు’ అని నలుగురిలో నిలబెట్టి యాసకు నవ్వుతుంటే అక్కడికక్కడే ఆపండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

కొత్త భాష మధ్య పడిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, వింటూ ఊరుకుంటారు. తరగతిలో రోజూ ఒకే పాప పక్కన కూర్చోబెట్టమనండి, ఆ పాపనే ఆదివారం ఇంటికి పిలవండి. దసరా సెలవుల తర్వాత కూడా బడిలో ఒక్కరితోనైనా మాట్లాడకపోతే పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. ఈలోగా మీకే దిగులుగా ఉంటే ప్రభుత్వ ఉచిత ఫోను సేవ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

పక్క తడిపినందుకు కోప్పడవద్దు, బాబు ముందు ఆ మాట ఎత్తవద్దు. మంట, జ్వరం, మలబద్ధకం ఉన్నాయేమో పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఇంకొక సంగతి. అక్కడి నుంచి వచ్చిన చాలామంది పిల్లలు ఇక్కడి బడి మరుగుదొడ్డికి జంకి సాయంత్రం దాకా బిగపట్టుకుంటారు, నీళ్లు కూడా తాగరు. పాప సీసా నిండుగా తిరిగి వస్తోందేమో చూడండి. ఈ వారమే పాపను వెంటబెట్టుకుని, టీచరుతో కలిసి ఆ గది చూసి రండి.