పోయినజన్మ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కథాసారం రెండుసార్లు చదివాను. పాడుబడ్డ బంగళా, అందులో ముప్ఫై ఏళ్ల కిందటి హత్య, అక్కడికి అద్దెకు దిగిన అమ్మాయికి పోయినజన్మవి లీలగా ఏవో గుర్తుకు రావడం, పదమూడో ఎపిసోడ్‌లో ఆమె హంతకుడి వైపు వేలు చూపడం. రాయగలవు, సందేహం లేదు. ఆ వేలు దగ్గరే నాకు పేచీ. పన్నెండు ఎపిసోడ్లపాటు ఎస్సైగారు వేలిముద్రలు, ఫోను బిల్లులు పట్టుకుని తిరిగాక, చివరికి ఆమెకు గుర్తొచ్చింది కాబట్టి వాడే హంతకుడని తేలిస్తే, ఈయనకు జీతం దండగ అనుకుంటారు చూసేవాళ్లు.

చనిపోయిన మనిషికి ఎంత తెలుసో, మళ్లీ పుట్టిన మనిషికి అంతవరకే గుర్తుండనివ్వు. వెనక నుంచి పొడిస్తే పొడిచినవాడి ముఖం ఆమె చూడలేదు. పాలలో విషం కలిపి ఇస్తే, గ్లాసు తెచ్చిన చెయ్యి గుర్తుంటుంది. విషం కలిపిన చెయ్యి వంటింట్లోనే ఉండిపోయింది. అంటే నీ కథానాయిక అక్షరాలా నిజమే చెబుతూ, ఏ పాపమూ ఎరుగని మనిషిని జైలుకు పంపగలదు. తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ పని చేయించు. మిగిలిన నాలుగు ఎపిసోడ్లలో తన జ్ఞాపకంతో తనే పోట్లాడుతుంది.

ఇంకొకటి. ఇరవై ఏడేళ్ల పిల్లకు బంగళా గేటు చూడగానే అంతా గుర్తొచ్చేయడం మన సీరియళ్లలో అరిగిపోయిన ట్రాకు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్సన్ అనే మానసిక వైద్యుడు ఇలా గతజన్మ చెప్పే పిల్లల వివరాలు దశాబ్దాలపాటు సేకరించాడు. ఇరవై కేసులతో ఆయన పుస్తకం 1966లో వచ్చింది. ఆయన నమోదు చేసిన పిల్లలు ఎక్కువగా రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఈ మాటలు మొదలుపెడతారు, ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మరిచిపోతారు. ఆయన వాదనను ఒప్పుకోని శాస్త్రజ్ఞులే ఎక్కువ, ఆ గొడవ మనకు వద్దు. మనకు కావలసింది ఆ మరపు. నీ కథానాయిక మూడేళ్లప్పుడు ఏదో వాగింది, వాళ్ల అమ్మమ్మ దాన్ని క్యాసెట్‌లో రికార్డు చేసింది. ఇప్పుడు ఆ అమ్మాయికి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. క్యాసెట్ దొరికింది. వింటే మధ్యలో మూడు నిమిషాలు చెరిపేసి, దానిమీద ఎవరో సినిమా పాట ఎక్కించి ఉన్నారు. ఎవరు? ఆ ఇంట్లోవాళ్లే కదా! ఇక ఎస్సైగారికి చేతినిండా పని.

నువ్వు ఫోనులో అడిగావు, ఇదంతా నిజమని నమ్ముతావా మామయ్యా అని. ఒకోరోజు నమ్ముతాను. శాంతీదేవి కథ చదివిన రోజు నమ్ముతాను. 1926లో ఢిల్లీలో పుట్టిన ఆ పిల్ల, తనది మథుర అని, తన భర్త అక్కడ బట్టల వ్యాపారి అని చెప్పింది. పోయినజన్మలో తానేనని ఆమె చెప్పిన లుగ్దీదేవి 1925లో కొడుకును కని, కొద్ది రోజులకే చనిపోయిన మనిషి. గాంధీజీ చొరవతో ఏర్పడిన సంఘం విచారించి 1936లో నివేదిక కూడా ఇచ్చింది. దాని నిజానిజాల మీద తగువు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. లెక్క కట్టి చూడు, ఆ కొడుకు ఈ తల్లికన్నా ఏడాది పెద్దవాడు! తొమ్మిదేళ్ల పిల్ల పదేళ్ల పిల్లవాడి ముందు తల్లిగా నిలబడిన దృశ్యం ఊహించుకో. అలాంటి సీనుకు డైలాగు రాయకు.

బ్రైడీ మర్ఫీ సంగతి చదివిన రోజు నమ్మకం దిగిపోతుంది. 1952లో అమెరికాలో ఒక గృహిణి హిప్నాటిజంలో తన పేరు బ్రైడీ మర్ఫీ అని, తనది పంతొమ్మిదో శతాబ్దపు ఐర్లాండ్ అని అంది. 1956లో అది పుస్తకమై ఊరూవాడా ఊగిపోయింది. తీరా ఆమె పెరిగిన షికాగోలో ఎదురింటి ఐరిష్ ఆవిడ పుట్టింటి పేరే బ్రైడీ మర్ఫీ అని పత్రికలు బయటపెట్టాయి. చిన్నప్పుడు విన్నవి తనవైపోయాయన్నమాట. నీ కథలోనూ ఈ తలుపు ఓరగా తెరిచి ఉంచు. ఆ బంగళాలో పనిచేసిన మనిషి ఎవరైనా పసితనంలో ఈ అమ్మాయిని ఆడించి ఉండవచ్చు. చివరిదాకా మూసేయకు.

ఈ విద్య మనవాళ్లకు కొత్తదేమీ కాదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయంలో హారం మెడలో పడగానే పసికందు చేత పూర్వజన్మ కథ చెప్పించాడు. ముందు వేసిన ముడులనే ఆ పాప విప్పుతుంది. కథ ఎక్కడ దాచాలో నేర్చుకోవాలంటే అది చదువు. భారతంలో అంబ కథ కూడా మళ్లీ చదువు. శిఖండి ఎవరో భీష్ముడికి యుద్ధానికి ముందే తెలుసు. ఎందుకు చంపవని దుర్యోధనుడు అడిగితే ఆయనే చెబుతాడు. నీ కథలోనూ ఆమె ఎవరో ఆమెకంటే ముందు హంతకుడు గుర్తుపడితే? క్యాసెట్ చెరిపింది వాడే అయితే?

తేదీలు మాత్రం కాగితం మీద వేసుకో. ఈ తప్పు నేను చేశాను. మా సీరియల్‌ను పొడిగించమన్నప్పుడు హత్యను ఏడాది తరవాతకు జరిపి, పుట్టిన తేదీ ఊసే మరిచాను. తెనాలి నుంచి ఒక రిటైర్డు మాస్టారు కార్డు రాశారు: "అయ్యా, మీ నాయిక చనిపోవడానికి ఎనిమిది నెలల ముందే మళ్లీ పుట్టేసింది. అంత తొందరేమిటి?" ఆ కార్డు ఇప్పటికీ నా డైరీలో ఉంది.

ఎపిసోడ్లవారీగా వన్‌లైన్ రాసి పంపు, డైలాగులు ఇప్పుడే మొదలుపెట్టకు. క్యాసెట్ ఆలోచన నచ్చితే మా అటక మీద అప్పటి టేప్‌రికార్డర్ ఉంది. మీట నొక్కితే నిలవదు, వేలితో అదిమి పట్టుకోవాలి. షూటింగుకు పనికొస్తుందనుకుంటే తొందరగా ఎవరినైనా పంపు. మీ అత్తయ్య దాన్ని పాతసామాన్ల వాడికి వేసేస్తానని నెల రోజులుగా అంటోంది.

ఇట్లు,
మీ మామయ్య