కడుపు శుభ్రమైతే తామర పోతుందా?

గజ్జల్లో తామర తగ్గట్లేదు, పేగులు బాగుచేసుకుంటే పోతుందా అని అడిగారు. పోదు. తామర ఫంగస్ బతికేది చర్మం పైపొరలోని కెరటిన్ అనే ప్రోటీన్ మీద. పేగుల్లో ఉండే క్యాండిడా అనే ఫంగస్ వేరే జాతి. షుగర్ ఉంటే మాత్రం రెండూ ముదురుతాయి, పరీక్ష చేయించుకోండి.

మన వరంగల్ వానాకాలంలో ఆరీ ఆరని జీన్స్ వేసుకుంటే చాలు, అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉంగరంలా లేస్తుంది. వేపాకు నీళ్లతో కడిగితే నష్టం లేదు గానీ, అదొక్కటే నయం చేయదు. పచ్చి వెల్లుల్లి రుద్దొద్దు, బొబ్బలెక్కుతుంది. నాకు అన్నిటికన్నా భయం, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులంటేనే: దురద రెండు రోజుల్లో ఆగుతుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. క్లోట్రిమజోల్ క్రీమ్ మచ్చ దాటి 2 సెంటీమీటర్ల వరకు రాయండి, తగ్గాక కూడా 2 వారాలు ఆపొద్దు. అప్పటికీ తగ్గకపోతే చర్మం డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో ఎవరి తువ్వాల వాళ్లదే.