కోలా రోజంతా నిద్రపోతే అడవిలో ఎలా బతుకుతుంది?

ఆస్ట్రేలియాలో చెట్ల మీద బతికే కోలాలు యూకలిప్టస్ ఆకుల మత్తు వల్లే పొద్దస్తమానం నిద్రపోతాయా, అంత మందకొడి జంతువు అడవిలో ఎలా బతికి బట్టకడుతోంది అని అడిగారు. నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఇక్కడి సముద్రతీరపు రహదారి గ్రేట్ ఓషన్ రోడ్ మీద కెన్నెట్ రివర్ అనే ఊరి దగ్గర, కేప్ ఆట్వే వైపు అడవి కోలాల్ని చాలాసార్లు చూశాను.

మత్తు అన్నది ఉత్త మాట. యూకలిప్టస్ అంటే మన జామాయిల్ కుటుంబమే. ఆ ఆకు జోలికి మన మేకలు కూడా పెద్దగా పోవు. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, పైగా విషం. కోలా కాలేయం ఆ విషాన్ని విరిచేస్తుంది. దాని పేగులో సీకమ్ అనే భాగం దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది, ఆకు అందులో రోజుల తరబడి పులుస్తుంది. అందుకు కావలసిన సూక్ష్మజీవులు పిల్లకు పుట్టుకతో రావు. ఆకులు తినే వయసు వచ్చేముందు తల్లి విసర్జించే ఒక రకం మెత్తటి పదార్థాన్ని తిని సంపాదించుకుంటుంది. ఇంత చేసినా ఒంటికి దక్కే శక్తి కొంచెమే. ఆ కొంచెంతో గడవాలంటే రోజుకు 18 నుంచి 20 గంటలు కదలకుండా ఉండాల్సిందే.

అలాగని చేతకాని జంతువేం కాదు. ముందు పాదాల్లో రెండేసి వేళ్లు బొటనవేళ్లలా పనిచేస్తాయి కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది. చెట్టు దిగేది మాత్రం వెనక్కి వెనక్కే. నేల మీద నడక చూస్తే నవ్వొస్తుంది కానీ, కుక్క వెంటపడితే గెంతుతూ బాగానే పరిగెడుతుంది.

ఒక వేసవిలో, నలభై డిగ్రీలు దాటిన రోజు, కొమ్మల పంగలో కూర్చోవాల్సిన కోలా మొదలుకు దగ్గరగా దిగి, మానును వాటేసుకుని వేలాడుతోంది. జబ్బు చేసిందేమో అనుకున్నారు మావాళ్లు. మాను గాలి కంటే చల్లగా ఉంటుంది, దానికి పొట్ట ఆనిస్తే నీళ్లు ఖర్చు కాకుండా వేడి పోతుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించారు ఈ సంగతి. ఎండ ముదిరితే ఆకు తినడానికి పనికిరాని తుమ్మజాతి చెట్లకూ వెళ్తాయట, చల్లదనం కోసమే.

రాత్రి టెంట్‌లో పడుకుంటే ఇంకో అనుభవం. మగ కోలా అరుపు పంది గురకా గాడిద ఓండ్రా కలిసినట్టుంటుంది. పది కిలోల జంతువు గొంతని చెబితే మా పిల్లలు నమ్మలేదు.

ప్రమాదం ఎక్కువగా నేల మీదే. అడవి ముక్కలైతే చెట్టు నుంచి చెట్టుకు రోడ్డు దాటాలి. అక్కడ కార్లు, కుక్కలు. వీటికి తోడు క్లమీడియా అనే బాక్టీరియా జబ్బు, కార్చిచ్చు. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల్లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జంతువుగా ప్రకటించారు. మెల్‌బోర్న్ ఉన్న మా విక్టోరియా రాష్ట్రంలో కొన్నిచోట్ల వ్యవహారం తలకిందులైంది. కేప్ ఆట్వేలో సంఖ్య పెరిగి, ఇష్టమైన మ్యానా గమ్ అనే రకం యూకలిప్టస్ చెట్లను మోడు చేసేశాయి. అయినా చాలావరకు ఆ చోటు వదలలేదు. ఆకలితో నీరసించిన దాదాపు 700 కోలాలకు 2013-14లో అధికారులే కారుణ్య మరణం ఇచ్చారు. దాని మీద ఇక్కడ పెద్ద గొడవే జరిగింది.

ఈ వైపు వస్తే కెన్నెట్ రివర్‌లో గ్రే రివర్ రోడ్ వెంట నడవండి. పైకి చూసేముందు చెట్టు కింద ఈతగింజల్లాంటి పెంటికలు ఉన్నాయేమో చూడండి. కోలా కనిపిస్తే ముట్టుకోబోకండి, గోళ్లు చాలా పదును.