రెండో ఆపరేషన్‌కు డబ్బులెక్కడివి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి రూ.34,000 వస్తాయి. అమ్మా నేనూ ఉంటాం, అమ్మకు షుగర్. ఇంటి ఖర్చు రూ.20,000, స్కూటీ ఈఎంఐ రూ.3,200. దాచుకున్నది రూ.40,000. నా బుగ్గలు పీక్కుపోయినట్టు, కళ్ల కింద గుంతలు పడ్డట్టు ఉంటాయి. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. బుగ్గలకు, కళ్ల కింద ఇంప్లాంట్లు పెట్టడానికి హైదరాబాద్‌లో రూ.2.60 లక్షలు చెప్పారు, శనివారం లోపు అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నారు. ఎస్టిమేట్ కూడా పంపుతున్నాను. మూడు లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఏమన్నా అయితే ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా.

జవాబు: చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం అమ్మా, మీ ముఖం గురించి నేను మాట్లాడను. నేను జవాబు రాస్తున్నది మీ ఆఖరి వాక్యం కోసం. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, అందరిదీ ఇదే ధీమా. అందం కోసం చేయించుకునే సర్జరీని హెల్త్ పాలసీలు కవర్ చేయవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత ముఖాన్ని సరిచేయడం లాంటి వాటికే మినహాయింపు. మీది ఆ కోవలోకి రాదు. ఆ సర్జరీ వల్ల ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ అడ్మిట్ అయినా, మూలం అదే కాబట్టి క్లెయిమ్ మామూలుగా ఒప్పుకోరు. హెచ్ఆర్‌ని అడగడం కాదు, పాలసీ కాగితాల్లో ఏవి కవర్ కావో చెప్పే ‘ఎక్స్‌క్లూజన్స్’ పేజీ తీసి మీరే చదవండి.

మీరు పంపిన ఎస్టిమేట్ చూశాను. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్, ఇంప్లాంట్లు, ఒక రోజు గది. కింద చిన్న అక్షరాల్లో ‘పన్నులు అదనం’. మామూలు వైద్యానికి జీఎస్టీ ఉండదు కానీ దీనికి 18 శాతం ఉంటుంది, అంటే రూ.46,800. రూ.2.60 లక్షలు కాస్తా రూ.3,06,800 అయ్యాయి, ఇంకా మందులు, రానుపోను ఖర్చులు, వాపు తగ్గేదాకా పెట్టే సెలవులు లెక్కలోకే రాలేదు. ఆ సెలవుల్లో జీతం కోత పడితే?

ఇక లోన్. మూడు లక్షలు, 16 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుందాం. ఈఎంఐ సుమారు రూ.10,547. ఇప్పుడు మీకు నెలకు మిగులుతున్నది రూ.10,800. అంటే మూడేళ్లపాటు ఖర్చులన్నీ పోను నెలకు 253 రూపాయలే మిగులుతాయి, వడ్డీయే దాదాపు రూ.80 వేలు కట్టాలి. ఈలోగా అమ్మ షుగర్ పెరిగి రాత్రికి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఏ డబ్బు తీస్తారు? ఆ రోజు మీరు లోన్ యాప్ తెరుస్తారు, నాకు భయం అక్కడే. లోన్ యాప్, క్లినిక్ వాళ్లిచ్చే ‘జీరో వడ్డీ’ ఈఎంఐ, ఆఫీసులో ఎవరో నడిపే రిజిస్టర్ కాని చిట్టీ, అమ్మ గొలుసు తాకట్టు, ఈ పని కోసం వీటిలో ఏదీ వద్దంటే వద్దు.

ఇంప్లాంట్ పెట్టించుకోవడంతో ఖర్చు అయిపోయిందని అనుకుంటున్నారు. ఇంప్లాంట్ పక్కకు జరగొచ్చు, రెండు వైపులా సమానంగా రాకపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. కంటి కింద ఎముకలోంచి వచ్చే నరం దెబ్బతింటే బుగ్గ, పైపెదవి మొద్దుబారతాయి. కింది రెప్ప కిందికి లాగినట్టయితే కన్ను సరిగా మూసుకోదు. అందరికీ ఇలా అవుతుందని కాదు, కానీ అయితే తీయడానికో సరిచేయడానికో ఇంకో ఆపరేషన్, దానికి ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదు, బ్యాంకు కొత్త లోన్ ఇవ్వకపోవచ్చు. సిలికాన్ అయితే తీయడం కొంత తేలిక, సన్నని రంధ్రాలుండే పాలీఇథిలీన్ రకంలోకి కండ అల్లుకుపోతుంది కాబట్టి తీయడం కష్టం. మీకు ఏది పెడతారో ఎస్టిమేట్‌లో రాయనే లేదు! కళ్ల కింద ఉన్నది గుంత కాక నలుపు అయితే ఇంప్లాంట్‌తో ఆ రంగు పోదు, ముందు చర్మ డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆరు నెలల ఇంటి ఖర్చు, స్కూటీ ఈఎంఐ కలిపి దాదాపు రూ.1.40 లక్షలు, అది ముందు పక్కన ఉండాలి. నెలకు రూ.8,000 ఆర్డీ (నెలనెలా బ్యాంకులో వేసే రికరింగ్ డిపాజిట్) వేస్తే మీ నలభై వేలతో కలిపి ఏడాదిలో ఇంచుమించు అక్కడికి చేరతారు. మిగిలిన రూ.2,800 అమ్మ హెల్త్ పాలసీకి. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుకు క్లెయిమ్ రాదు, అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టాలి, షుగర్ సంగతి దాచకుండా రాయాలి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మంచిదే, దాన్ని నమ్ముకుని పాలసీ మానేయకండి.

ఆ తర్వాత కూడా సర్జరీ కావాలనిపిస్తే అదే ఆర్డీ కొనసాగించి సొంత డబ్బుతో వెళ్లండి, మొదటి ఖర్చుతో పాటు సరిచేసుకోవడానికి కనీసం ఒక లక్ష విడిగా పెట్టుకుని. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, ఇంప్లాంట్ ఏ రకం, తేడా వస్తే రెండో ఆపరేషన్ ఫీజు ఎవరిది, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. శనివారం లోపు అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నారని రాశారు. కట్టకండి.