ప్రాగ్‌లో డబ్బు మార్చుకోబోయే ముందు: శ్రావణికి పెదనాన్న లేఖ

హైదరాబాద్

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. పై చదువు కోసం వచ్చే నెల ప్రాగ్ నగరానికి బయలుదేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చలికి ఏ బట్టలు కావాలి, ఏ పచ్చడి ఎంత కట్టాలి అన్న విషయాలు మీ అమ్మా, మీ పెద్దమ్మా చూసుకుంటారు కాబట్టి నేను వాటి జోలికి పోను. ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో పనిచేసి, అందులో సగానికి పైగా విదేశీ మారకం కౌంటరులోనే కూర్చున్నవాణ్ణి గనుక, డబ్బు మార్చుకోవడం గురించి మాత్రం కొన్ని మాటలు రాయాలనిపించింది. అంత అనుభవం ఉన్న నేనే 2017లో మీ అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఊళ్లో మోసపోయాను. మన ఇంట్లో ఈ సంగతి మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

ముందుగా ఆ ఊరికి ఈ బెడద ఎందుకు ఉందో తెలుసుకోవాలి. చెక్ దేశం 2004లో ఐరోపా సమాఖ్యలో చేరింది, 2007 చివర, సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరిగే షెంగెన్ ప్రాంతంలోకీ వచ్చింది, కానీ యూరోను మాత్రం తీసుకోలేదు. వాళ్ల సొంత కరెన్సీ కొరూనా ఇప్పటికీ చెలామణిలో ఉంది. పారిస్ నుంచో బెర్లిన్ నుంచో రైలు దిగిన యాత్రికుడి జేబులో యూరోలు ఉంటాయి, కాఫీ తాగాలంటే కొరూనాలు కావాలి. యూరోకు ఎన్ని కొరూనాలు వస్తాయో అతనికి నోటికి రాదు, రెండు రోజుల్లో వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చి దెబ్బలాడడు. ఓల్డ్ టౌన్ చౌక్ నుంచి చార్ల్స్ వంతెన దాకా నడిస్తే అడుగడుక్కీ డబ్బు మార్చే దుకాణం కనిపించడానికి ఇదే కారణం. ఆ దుకాణాల మీద ‘స్మెనార్నా’ అని రాసి ఉంటుంది, ఆ మాటను గుర్తుపెట్టుకో.

ఇక నా సంగతి. ఆ రోజు మధ్యాహ్నం మీ పెద్దమ్మకు కాళ్లు నొప్పులు, నాకు ఆకలి, చేతిలో రెండు వందల యూరోలు. ఒక దుకాణం అద్దం మీద ‘కమీషన్ సున్నా’ అని, దాని పక్కనే 26.40 అని పెద్ద ఎర్రటి అంకెలు. ఆ రోజు అసలు రేటు దాదాపు 26 ఉన్నట్టు పొద్దున్నే పేపర్లో చూశాను గనుక, పరవాలేదు, మంచి రేటే అనుకుని నోట్లు కిటికీలోంచి లోపలికి తోశాను. ఆ అమ్మాయి ఒక చిన్న కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది, పెట్టాను. చేతికి వచ్చినవి 3,440 కొరూనాలు. రావలసినవి 5,200కు అటూ ఇటూ. అంటే మన డబ్బులో సుమారు అయిదు వేల రూపాయలు ఆ కిటికీ దగ్గరే పోయాయి. అద్దం మీద పెద్దగా రాసినది వాళ్లు యూరోలు అమ్మే ధర, మన దగ్గర కొనే ధర కాదు. కొనే ధర 17.20 అని కింది మూలన వేలెడు కాగితం మీద ఉంది. వెనక్కి ఇమ్మని అడిగితే నా సంతకం చూపించింది. కొనుగోలు ధర, అమ్మకపు ధర అని రెండు వరుసల పట్టికను రోజూ పొద్దున్నే నా చేత్తో బోర్డు మీద అంటించినవాణ్ణి, అంత మాత్రం చూసుకోలేకపోయానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కమీషన్ సున్నా అన్నమాట అబద్ధం కాదని గమనించు. కమీషన్ తీసుకోలేదు, ధరలోనే మూడో వంతు కోసుకున్నారు.

అందువల్ల నువ్వు ఏ దుకాణం ముందు నిలబడినా చూడవలసింది ఒక్క అంకెను కాదు, రెండు అంకెల మధ్య ఎడాన్ని. చెక్ భాషలో ‘నాకుప్’ అంటే వాళ్లు కొనేది, ‘ప్రొదెయ్’ అంటే వాళ్లు అమ్మేది. యూరోలు ఇచ్చి కొరూనాలు తీసుకునే నీకు సంబంధించినది నాకుప్ వరుస మాత్రమే. ఈ మధ్య కాలంలో యూరో సుమారు 24, 25 కొరూనాల దగ్గర తిరుగుతోంది. కొనేది 24.30, అమ్మేది 24.80 అని ఉంటే ఆ దుకాణదారు న్యాయంగా అర కొరూనా లాభం చూసుకుంటున్నాడని అర్థం. కొనేది 16, అమ్మేది 25 అని ఉంటే అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు. మంచి రేటు బోర్డు మీద కనబడినా, దానికి చిన్న అక్షరాల్లో ఏదైనా షరతు ఉందేమో చూసుకో. ఈ తంటాలన్నిటికీ మందు ఒకటే: నోటు చేయి దాటకముందే ‘వంద యూరోలు ఇస్తే నా చేతికి మొత్తం ఎన్ని కొరూనాలు వస్తాయి?’ అని అడిగి, ఆ అంకెను కాగితం మీద రాయించుకుని, ఫోన్‌లో లెక్క చూసుకో. చెక్ నేషనల్ బ్యాంక్ పనిరోజుల్లో మధ్యాహ్నం రెండున్నర దాటాక ఆ రోజు రేట్లు ప్రకటిస్తుంది, పోల్చుకోవడానికి అవి చాలు. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

నాకు జరిగినట్టు చాలామందికి జరిగి గొడవ పెరగడంతో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చింది. 2019 ఏప్రిల్ 1 నుంచి, వెయ్యి యూరోల విలువ దాటని మారకం ఏదైనా సరే, మూడు గంటల లోపల రద్దు చేసుకునే హక్కు మార్చుకున్నవారికి ఉంది. రసీదు, వాళ్లిచ్చిన కొరూనాలు తీసుకుని అదే దుకాణానికి తిరిగి వెళ్లి, రద్దు చేసుకుంటున్నానని చెబితే నీ యూరోలు నీకు ఇచ్చి తీరాలి. కాబట్టి రసీదును బ్యాగు అడుగున పడేయకుండా, రోడ్డు దాటి ఏ బెంచీ మీదో కూర్చుని అప్పుడే లెక్క చూసుకో. తేడా కనబడితే మొహమాటపడకుండా వెనక్కి వెళ్లు. మొహమాటం మన ఇంటి జబ్బు, మీ నాన్నకు మరీ ఎక్కువ. అయితే ఈ హక్కు లైసెన్సు ఉన్న దుకాణాల దగ్గర మాత్రమే పనికొస్తుంది, వీధిలో నిలబడి మార్చేవాడి దగ్గర దీనికి విలువ లేదు.

ఆ వీధి మనుషుల గురించి కాస్త విపులంగా రాస్తాను. దుకాణం ముందు వరుసలో నిలబడి బోర్డు చదువుతుండగా, మర్యాదగా కనిపించే ఒక మనిషి పక్కకు వచ్చి, ఇక్కడ మోసం చేస్తారు, నాకు యూరోలు అవసరం ఉంది, నేను 25.50 ఇస్తాను అంటాడు. మరునాడు వెన్సెస్లాస్ చౌక్‌లో నా దగ్గరికి అలాంటివాడే వచ్చాడు. వాడి చేతిలో మధ్యకు మడిచిన నోట్ల కట్ట, పైన వెయ్యి కొరూనాల నోటు, దాని మీద గడ్డమున్న చరిత్రకారుడు పలాత్స్కీ బొమ్మ. బొటనవేలితో అంచులు టపటప ఆడిస్తూ లెక్కపెట్టాడు, అంకెలన్నీ వేలల్లోనే కనిపించాయి. మొదటిరోజు దెబ్బ తిన్న కోపంలో నేను సగం ఒప్పుకున్నట్టే ఉన్నాను. పక్కనున్న మీ పెద్దమ్మ, ‘ఏమండీ, పైనోటు మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి, కింద నోటు మీద అక్షరాలు వేరేగా ఉన్నాయి చూడండి’ అంది. నోట్లు విప్పి ఒక్కొక్కటిగా చేతిలో పెట్టమన్నాను. వాడు ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతూ సందులోకి వెళ్లిపోయాడు.

మీ పెద్దమ్మ చూసిన ఆ వేరే అక్షరాలు రష్యన్ లిపి. 2016 జూలైలో బెలారుస్ దేశం తన రూబుల్‌కు నాలుగు సున్నాలు తీసేసి కొత్త నోట్లు తెచ్చింది, వేలల్లో అంకెలున్న పాత నోట్లు ఆ ఏడాది చివరితో చెలామణిలోంచి పోయాయి. ఆ పాత నోట్లను ప్రాగ్ వీధుల్లో కొరూనాలని అంటగట్టేవారు. హంగరీ ఫోరింట్లు ఇవ్వడం ఇంకో పద్ధతి. అది చెల్లే డబ్బే, కానీ వెయ్యి ఫోరింట్లంటే అరవై కొరూనాలకు కాస్త ఎక్కువ, అంతే. దొంగనోటైతే పట్టుకోవచ్చునేమో గాని, ఇది అసలు నోటే, దేశం మాత్రం వేరు. అందుకని విమానం ఎక్కకముందే చెక్ నోట్ల బొమ్మలు ఒకసారి చూసుకో: 100 మీద నాలుగో చార్ల్స్ రాజు, 200 మీద విద్యావేత్త కొమెన్‌స్కీ, 500 మీద రచయిత్రి బొజెనా నెమ్‌త్సోవా, 1000 మీద పలాత్స్కీ, 2000 మీద గాయని ఎమ్మీ డెస్టిన్, 5000 మీద మొదటి అధ్యక్షుడు మసారిక్. నోటు మీద ‘చెస్కా నారొద్ని బంకా’ అని లాటిన్ అక్షరాల్లో ఉంటుంది. ఇంత చెప్పినా నా మాట, వీధిలో ఎవరి దగ్గరా ఎంత మంచి రేటుకైనా మార్చవద్దనే.

దీనికి తోక లాంటి మోసం ఒకటుంది. వీధి మనిషితో నువ్వు రెండు మాటలు మాట్లాడగానే, మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు వచ్చి ఏదో కార్డు చూపించి, పోలీసులమని, అక్రమంగా డబ్బు మార్చావని, నీ పర్సు తనిఖీ చేయాలని అంటారు. నిజమైన పోలీసులు నోట్లు పరీక్షించడానికి నడిరోడ్డు మీద పర్సు చేతికి ఇవ్వమని అడగరు. పర్సు బయటికి తీయకుండా, స్టేషన్‌కే వెళ్దాం పదండి అని చెప్పి, అక్కడే నిలబడి 158కు ఫోన్ చెయ్యి, అది పోలీసుల నంబరు. చాలాసార్లు ఆ ఫోన్ తీయడంతోనే వాళ్లు మాయమవుతారు.

నోట్లు మార్చే గొడవే వద్దు, ఏటీఎం ఉంది కదా అంటావు. మంచిదే, కానీ అక్కడా చూసుకోవలసింది ఉంది. బ్యాంకు శాఖ గోడకు ఉన్న ఏటీఎంనే వాడు. సందుల్లోనూ సావనీర్ దుకాణాల పక్కనూ ఏ బ్యాంకుకూ చెందకుండా ఒంటరిగా నిలబడి ఉండే మెషిన్లను వదిలెయ్యి. మన కార్డు పెట్టగానే మెషిన్ అది భారతదేశపు కార్డని గుర్తుపట్టి, నీ డబ్బు రూపాయల్లోనే లెక్కగట్టమంటావా అని అడుగుతుంది. రూపాయలు కనబడగానే మనకు సొంతవాళ్లు కనబడినట్టు ఉంటుంది. అయితే ఆ లెక్క మన బ్యాంకు వేసేది కాదు, ఆ మెషిన్ వాడు తన ఇష్టానికి వేసుకునేది. పన్నెండు శాతం పైన వేశాడనుకో, కొరూనా నాలుగు రూపాయల చిల్లర పలుకుతున్న ఈ రోజుల్లో 5,000 కొరూనాలకు రెండున్నర వేల రూపాయలు అదనంగా పోతాయి. తెరమీద ఒప్పుకునే బొత్తాం పెద్దగా, పచ్చగా ఉంటుంది. వద్దనే బొత్తాం మూలన ఉండి, అది నొక్కితే లావాదేవీ మొత్తం రద్దవుతుందేమో అని భయపెట్టేలా ఉంటుంది. భయపడకుండా వద్దనే నొక్కు. డబ్బు వస్తుంది, కొరూనాల్లోనే లెక్క పడుతుంది. హోటల్లో, దుకాణంలో కార్డు గీకే మెషిన్ కూడా ఇదే అడుగుతుంది, వెయిటర్ నీ తరఫున తనే నొక్కేయకుండా మెషిన్ నీ చేతిలోకి తీసుకో.

ఇక్కడి నుంచి తీసుకెళ్లే డబ్బు విషయంలో, రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గరో నీ బ్యాంకులోనో యూరోలే తీసుకో, రసీదు దాచుకో. ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి నోట్ల రూపంలో ఎలాగూ ఇవ్వరు, నీకు అందులో పదో వంతు చాలు, మిగతాది కార్డులో వేసుకో. రూపాయి నోట్లు అక్కడ మార్చుకోవచ్చునన్న ఆశ పెట్టుకోవద్దు. ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు, తీసుకునేటప్పుడు అందులో కొరూనా ఉందా అని అడుగు. చాలా కార్డుల్లో ఉండదు, అప్పుడు యూరోలోంచి కొరూనాకు మార్చినందుకు ప్రతిసారీ కొంత శాతం కోస్తారు, అది ఎంతో ముందే రాయించుకో. మామూలు డెబిట్ కార్డును అంతర్జాతీయ వాడకానికి బ్యాంకు యాప్‌లో ఇక్కడుండగానే ఆన్ చేసుకో. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టవద్దు.

మిగిలినవి చిన్నవి. విమానాశ్రయంలో డబ్బు మార్చవద్దు; అక్కడి సిటీ బస్సు టికెట్ మెషిన్లు కార్డు తీసుకుంటాయి. కాగితం టికెట్ కొంటే మాత్రం పసుపు మెషిన్‌లో ముద్ర వేయించాలి, ముద్ర లేని టికెట్ లేనట్టే లెక్క, జరిమానా తప్పదు, అది మోసం కాదు. యూరోలు తీసుకుంటామనే దుకాణాల్లో రేటు వాళ్లదే, చిల్లర కొరూనాల్లో ఇస్తారు గనుక రెండు విధాలా నష్టం. చౌక్‌లో ఆగి ఉన్న టాక్సీ ఎక్కకుండా యాప్‌లో పిలుచుకో. ఓల్డ్ టౌన్ చౌక్‌లో నిప్పుల మీద కాల్చే మాంసం బోర్డు మీద ఉండే ధర వంద గ్రాములకు, కోసి పెట్టేది అరకిలో దాకా ఉంటుంది. నువ్వు శాకాహారివి కాబట్టి ఆ బెంగ లేదు, నీతో వచ్చే స్నేహితులకు చెప్పు.

తిరిగి వచ్చేటప్పుడు నాణేలన్నీ అక్కడే ఖర్చు పెట్టెయ్యి, మార్చే దుకాణాలు సాధారణంగా నోట్లే తప్ప నాణేలు తీసుకోవు. నా దగ్గర ఇరవై కొరూనాల నాణెం ఒకటి అలాగే మిగిలిపోయింది. వెన్సెస్లాస్ చౌక్ పైభాగాన గుర్రం మీద కనిపించే సెయింట్ వెన్సెస్లాస్ బొమ్మే దాని మీద ఉంటుంది. మీ పెద్దమ్మ దాన్ని పోపులపెట్టె పక్కన సీసాలో వేసి ఉంచింది. వెళ్లేముందు ఒకసారి ఇంటికి వస్తే ఇస్తాను, అక్కడ దేనికైనా పనికొస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న