పక్కింటావిడకి రెండు బిందెలు

నాయనా,

వందనాలు. నీ కథ, దానితోపాటు నువ్వు పెట్టిన ఉత్తరం అందాయి. చివరి పేజీలో పెట్టిన ఆ వీసా నాకు నిద్ర లేకుండా చేసింది. అందుకే తెల్లారగానే జవాబు రాయడానికి కూర్చున్నాను.

కుర్రాడు యూత్ రిట్రీట్‌కి వెళ్లాడు, మోకాళ్ల మీద పడి ఏడ్చాడు, మారుమనస్సు పొందాడు. సినిమాలు మానేశాడు, వేలి ఉంగరం తీసేశాడు, మొదటి జీతంలో దశమభాగం కవర్లో పెట్టి పాస్టరుగారి చేతికిచ్చాడు. అంతకుముందు రానంటే రానన్న అమెరికా వీసా ఇప్పుడు వచ్చేసింది. లోబడినవాణ్ని ప్రభువు తలగా నియమిస్తాడంటూ వాళ్ల నాన్న కళ్లు తుడుచుకున్నాడు. కథ అయిపోయింది. క్రీస్తు మీద ప్రేమ విధేయతలో ఎలా కనబడుతుందో చూపించాలని రాశానన్నావు ఉత్తరంలో. నువ్వు చూపించింది ప్రేమ కాదు నాయనా, బేరం. ఆయనకి ఇంత ఇచ్చాను, ఆయన నాకు అంత ఇచ్చాడు. వీసా రాకపోయి ఉంటే ఆ కుర్రాడు ఏమయ్యేవాడో నీ కథ చదివితే తెలియదు. నాకు కావలసింది అదే.

నీ భాష బాగుంది. సంభాషణలు మన ఇళ్లల్లో మాట్లాడుకున్నట్టే ఉన్నాయి.

మూడో పేజీ మధ్యలో ఒక మాట రాశావు. "కుళాయి వచ్చింది. అమ్మ పక్కింటావిడకి కూడా రెండు బిందెలు పట్టి గోడ పక్కన పెట్టింది." అంతే. ఆ వెంటనే కుర్రాడు ప్రార్థన గదిలోకి పోయాడు, నువ్వూ వాడి వెనకే పోయావు. ఆ పక్కింటావిడ ఎవరు? సందు స్థలం కోసం వీళ్ల మీద కేసు పెట్టిన మనిషి. ఎమ్మార్వో ఆఫీసులో వీళ్లకి వ్యతిరేకంగా అబద్ధపు సాక్ష్యం చెప్పిన మనిషి. రెండో పేజీలో నువ్వే రాశావు. అలాంటి ఆవిడకి ఈ తల్లి నీళ్లు పట్టి పెట్టింది. నేను అక్కడే ఆగిపోయాను, చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. శత్రువుల్ని ప్రేమించమని ప్రభువు కొండ మీద చెప్పిన మాటని నీ కథ మొత్తం మీద చేసి చూపించింది ఆ తల్లి ఒక్కతే. ఆమెకి నువ్వు పేరు కూడా పెట్టలేదు.

నీ కథ అక్కడుంది. ఆ కుళాయి ఎప్పుడొస్తుంది, తెల్లవారుజామునా, మిట్టమధ్యాహ్నమా? ఎంతసేపు వస్తుంది? అరగంటే వస్తే, ఈ రెండు బిందెల కోసం తన ఇంట్లో ఏ గంగాళం ఖాళీగా ఉండిపోయింది? ఆ బిందెలు ఎవరివి? ఆవిడ సామాను ముట్టుకుంటే మళ్లీ గొడవవుతుందని తన బిందెల్లోనే పట్టిందా? వాటిని తీసుకుపోయేటప్పుడు ఆవిడ ఇటు చూసిందా? ఒకరోజు ఆ నీళ్లు గోడవతల పారబోసి ఖాళీ బిందెలు విసిరేసిందనుకో, మర్నాడు కుళాయి వచ్చినప్పుడు ఈ తల్లి ఏం చేసింది? ఇంట్లో మొగుడు ఏమన్నాడు, కోర్టు ఖర్చులకి చెవికమ్మలు తాకట్టు పెట్టినవాళ్లం మనం, మనకెందుకే ఆవిడ నీళ్లు అని అన్నాడా? ఇవన్నీ రాయి. ఇవి రాసేటప్పుడు నీకు ప్రభువు పేరు ఎత్తవలసిన అవసరం కూడా ఉండదు.

విధేయత గురించి రాసేవాడికి నేను చెప్పేది ఎప్పుడూ ఒక్కటే. నువ్వు విసుక్కున్నా మళ్లీ చెబుతాను. ఎదురుగా ఒక మనిషి ఉండాలి, చేతి నుంచి ఏదో ఒకటి పోవాలి. ఎవరికి చేశాడు, ఏం పోగొట్టుకున్నాడు అన్నవి రెండూ కథలో లేకపోతే అక్కడ విధేయత లేదు, ఆవేశం ఉంది. పన్నులు వసూలుచేసే సుంకరి జక్కయ్యని చూడు. ఆయన ఏడ్చాడని సువార్త రాసిన లూకా రాయలేదు. లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకి ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. లూకా రాసింది ఆ లెక్క. నీ కుర్రాడు మాత్రం ఒక పేజీ అంతా ఏడ్చాడు. వాడు ఎవరికి ఏం బాకీ ఉన్నాడో నాకు తెలియలేదు.

ఇంకొకటి. వాడు మానేసినవి ఏమిటి? సినిమా, ఉంగరం. అవి మానడం తప్పని నేను అనడం లేదు, మా ఇంట్లోనూ ఆ క్రమశిక్షణలోనే పెరిగాం. కాని సువార్తలు నాలుగూ తెరిచి ప్రభువు నోటి వెంట వచ్చిన ఆజ్ఞల్ని ఒక కాగితం మీద రాసుకుంటూ పో. అడిగినవాడికి ఇవ్వు. క్షమించు. ఒట్టు పెట్టుకోవద్దు, అవునంటే అవును, కాదంటే కాదు. ఒకరి పాదాలొకరు కడగండి. నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు వెళ్లి సమాధానపడు. మనం ఏళ్ల తరబడి ఆయన అడిగినవి పక్కన పెట్టి, అడగనివి చేసి, చేశామని సాక్ష్యం చెప్పుకుంటున్నాం. సౌలు రాజు చేసింది ఇదే. అమాలేకీయుల్ని పశువులతో సహా ఏదీ మిగల్చకుండా నాశనం చెయ్యమన్నది దేవుడి ఆజ్ఞ. యుద్ధమయ్యాక ప్రవక్త సమూయేలు తన దగ్గరికి రాగానే, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని చెప్పాడు. సమూయేలు వాదించలేదు. అయితే నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటి, ఎడ్ల రంకెలేమిటి అని అడిగాడు. ఆ ఒక్క చప్పుడుతో సౌలు చెప్పిందంతా కూలిపోయింది. కథ రాసేవాడు సమూయేలు మొదటి గ్రంథంలో ఆ పదిహేనో అధ్యాయాన్ని పదేపదే చదవాలి. నీ కథలోనూ అలాంటి చప్పుడు ఒకటి వినబడాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. మా నాన్నగారు పల్లెటూళ్లో మిషన్ బడి పంతులు. ఆయనకీ మా బాబాయికీ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి మాటలు పోయాయి. ఒక ఆదివారం ప్రభు బల్ల జరుగుతోంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతున్నారు. వరస కదులుతోంది, నాన్న వంతు దగ్గరపడింది. ఆయన బల్ల దగ్గరికి పోకుండా వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచారు. బయట చెప్పుల గుట్టలో తనవి వెతుక్కోకుండా ఉత్త కాళ్లతో పోతుంటే, చిన్నపిల్లని, నేను వెనకాల పరుగెత్తాను. ఎండ మాడిపోతోంది. బాబాయి ఇంటి తలుపు మూసి ఉంది. పిలిస్తే కిటికీలోంచి మా పిన్ని, ఇంట్లో లేరని చెప్పింది. బాబాయి సైకిలు గోడకి చేర్చే ఉంది, దాని హ్యాండిల్‌కి తువ్వాలు వేలాడుతోంది. నాన్న ఆ సైకిలు వంక చూశారు. చూసి, మూసిన తలుపుతోనే అన్నారు: "తమ్ముడూ, గట్టు నువ్వే ఉంచుకో. నా మనసులో ఏమీ లేదు." జవాబు రాలేదు. మేం తిరిగొచ్చేసరికి ఆరాధన అయిపోయింది, ఆడవాళ్లు చిన్న గ్లాసులు కడిగి బోర్లిస్తున్నారు. ఆ నెల నాన్న ప్రభు బల్ల తీసుకోలేదు. బాబాయి తర్వాత కూడా మా గడప తొక్కలేదు.

దీన్ని నేను కథగా రాశాను, చిన్న వయసులోనే. ఒక పెద్ద వారపత్రికకి పంపితే, మత ప్రచారం వేసుకోం, చర్చి తీసేసి ఇద్దరన్నదమ్ముల కథగా మారిస్తే ఆలోచిస్తాం అని తిప్పి పంపారు. చర్చి తీసేస్తే ఆ మనిషి ఎందుకు లేచి నడిచాడో ఎవరికి తెలుస్తుంది? తర్వాత ఒక క్రైస్తవ మాసపత్రికకి పంపాను. ఆ సంపాదకుడు దైవజనుడు, నాకంటే వాక్యం బాగా తెలిసినవాడు. బాబాయి తలుపు తీసి అన్నని కౌగలించుకున్నట్టు మార్చమ్మా, చదివేవాళ్లకి ఆదరణగా ఉంటుంది అని రాశాడు. తలుపు తీస్తే అది వేరే కథ. మత్తయి సువార్తలో ప్రభువు, వెళ్లి సమాధానపడు అన్నాడు, అవతలివాడు ఏమంటాడో చెప్పలేదు. వెళ్లడం వరకే నీ పని. నేను మార్చనన్నాను. కథ పెట్టెలో ఏళ్లు పడి ఉంది. చివరికి ఒక పత్రిక క్రిస్మస్ సంచికలో వేశారు. వేసి, శుభాకాంక్షల ప్రకటనకి జాగా చాలలేదని ఆఖరి పేరా కోసేశారు. ఆ పేరాలోనే సైకిలు ఉంది. ఆ సంచిక నా దగ్గర ఉంది, ఇప్పటికీ దాన్ని తెరవబుద్ధి కాదు.

అప్పటి సంపాదకులు అలా ఉంటే, ఇప్పటి ఫోన్లలో సాక్ష్యాల సంగతి చెప్పనక్కర్లేదు. వెనక సంగీతం, ముందు కన్నీళ్లు, జబ్బు, ప్రార్థన, స్వస్థత, ఇల్లు, కారు. అవి చూసి పెరిగిన పిల్లలు కథ రాస్తే వీసా రాకుండా ఎలా ఉంటుంది? మీ తరాన్ని అనడం లేదు, మీకు నేర్పినవాళ్లని అంటున్నాను.

మీది ఒంగోలు వైపని రాశావు. అయితే నువ్వు ఈ సంగతి తెలుసుకుని తీరాలి. 1866లో క్లౌ దొరగారు అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాక, తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్యగారి వల్ల ఆయన మాదిగ బంధువులు క్రీస్తుని నమ్ముకున్నారు. వాళ్లు క్రీస్తుని ప్రేమిస్తున్నారని ఊరికి ఎలా తెలిసింది? పాటల వల్ల కాదు. ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినబోమన్నారు, జాతరలో డప్పు కొట్టబోమన్నారు. (ఇప్పుడు డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది, అది వేరే సంగతి. ఆనాడు వెట్టిగా కొట్టించుకునేవాళ్లు.) దాంతో కరణాలు, మునసబులు పగబట్టారు. ఆ విశ్వాసులకి కూలి పోయింది, నీళ్లు పోయాయి, కేసులు మీద పడ్డాయి. తర్వాత 1876 నుంచి 1878 దాకా కరువు. క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం ఎవరూ క్రీస్తు పేరు చెప్పకూడదని. ఇక ఇవ్వడానికి కూలీ లేదు, సాయం లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మన పెద్దలు కూలి ఆగిపోయాక నదిలో దిగారు నాయనా. వాళ్ల మనవలం మనం వీసా ఇస్తేనే దేవుడన్నట్టు కథలు రాయడం నాకు బాధగా ఉంది. కోపంగా కూడా ఉంది, దాచుకోను.

ఉత్తరంలో ఒక మంచి ప్రశ్న అడిగావు: ఆజ్ఞలు, విధేయత అంటూ రాస్తే మళ్లీ ధర్మశాస్త్రం కిందికి పోవడం అవదా, కృప ఏమవుతుంది అని. "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు" అన్నమాట ప్రభువు ఎప్పుడు చెప్పాడో చూడు. పట్టుబడబోయే ఆ రాత్రి, ముందుగా నడుముకి తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. అందులో తనని అప్పగించబోయేవాడి పాదాలూ ఉన్నాయి. ఆ తర్వాత అడిగాడు. పేతురు విషయంలోనూ అంతే. తనని ఎరుగనని బొంకినవాడికి తిబెరియ సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టెతో పెట్టాడు. తిన్నాక అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. అవునన్న ప్రతిసారీ గొర్రెల్ని అప్పగించాడు. కృప ముందు నడిచింది, పని దాని వెనకాల వచ్చింది. ఆ వెంటనే పేతురికి ఏం చెప్పాడో నీ కథ చివరి పేజీ పక్కన పెట్టి చదువు: ముసలితనంలో ఇంకొకడు నీ నడుము కట్టి నీకిష్టం లేని చోటికి మోసుకుపోతాడు అన్నాడు. అది చెప్పి, నన్ను వెంబడించు అన్నాడు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ ఇప్పుడు ఏమీ చెప్పను. ముందు కథ ఉండాలి.

రిట్రీట్ భాగం మొత్తం తీసెయ్. వీసా తీసెయ్. కుర్రాణ్ని ఉంచాలనుకుంటే ఉంచు, కాని వాడికి ఒక పని పెట్టు. ఆ తల్లికి ఒంట్లో బాగాలేని రోజున కుళాయి వచ్చిందనుకో, వాడు ఆ బిందెల దగ్గర నిలబడాలి. పడతాడో, మానేస్తాడో నువ్వు తేల్చు. వాక్యం ఎక్కడా రాయకు. పాస్టరుగారి నోట కూడా చెప్పించకు. పక్కింటావిణ్ని రాక్షసిలా చెయ్యకు, ఆవిడకీ ఆ సందు స్థలం ఎందుకు కావలసి వచ్చిందో ఒక కారణం ఉంటుంది, కనుక్కో.

శ్రమదినాల కూటాలు అయ్యేదాకా నాకు తీరిక ఉండదు. ఈస్టర్ దాటాక పంపు. ఫోన్లో వద్దు, కాగితం మీద, అక్షరం కాస్త పెద్దది పెట్టించి పంపు.

ఆ రెండు బిందెలు నువ్వు ఊహించి రాసినవిగా నాకు అనిపించడం లేదు. అది మీ ఇంట్లో జరిగిందే అయితే, రాసేముందు మీ అమ్మగారిని అడుగు. ఆవిడ వద్దంటే ఊరూ మనుషులూ గుర్తుపట్టకుండా మార్చు. పూర్తయ్యాక ముందు ఆవిడకి చదివి వినిపించు, ఎక్కడైనా అలా కాదురా అంటే అక్కడ దిద్దుకుని, అప్పుడు నాకు పంపు. ఆవిడకి నా వందనాలు చెప్పు.