టెక్ సందేహాలు: ‘టాక్టిక్స్ ఏ2’ ఆడాలా, ఆడాలంటే ఎక్కడ?

ప్రశ్న: ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అడ్వాన్స్’ నేను బడిలో చదివే రోజుల నుంచి ఇష్టపడిన వీడియో గేమ్. దాని రెండో భాగం ‘ఏ2’ గురించి ఆడినవాళ్లను అడిగితే, మొదటిదానికన్నా ఎంతో మేలని కొందరు, అసలు కథే లేదని కొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఇదే ప్రశ్న మాటల తేడాతో నాకు పదే పదే వస్తోంది. సమీక్షల్లో ఇచ్చిన మార్కులు చూసి తేల్చుకోవాలనుకుంటే ఎప్పటికీ తేలదు. ఎందుకంటే మెచ్చుకునేవారూ తప్పుపట్టేవారూ చాలాసార్లు ఆటలోని ఒకే అంశం గురించి మాట్లాడుతున్నారు. మొదటి భాగం 2003లో నింటెండో సంస్థ చేతి పరికరం గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది. రెండోది అదే సంస్థ రెండు తెరల పరికరం డీఎస్ మీద 2007లో జపాన్‌లోనూ, 2008లో మిగతా చోట్లా వచ్చింది. రెండింటిలోనూ గళ్ల నేల మీద వంతులవారీ పోరాటమే, రెండింటిలోనూ పోరు జరిగే చోట కవచం తొడిగిన న్యాయాధికారి నిలబడి ఆ రోజు ఏది నిషిద్ధమో చెబుతాడు. అభిప్రాయాలన్నీ చీలిపోయేది ఈ న్యాయాధికారి దగ్గరే.

మొదటి భాగంలో నిషేధాన్ని మీరితే పసుపు కార్డు, నేరం పెద్దదైతే ఎర్ర కార్డు వచ్చేవి, ఎర్ర కార్డు పడిన యోధుడు నేరుగా జైలుకు వెళ్లేవాడు. ఎన్నో గంటలు కష్టపడి పెంచుకున్న మనిషి ఒక్క పొరపాటుతో జట్టుకు దూరమైతే కలిగే కోపం ఎంతటిదో ఆ ఆట ఆడినవారికి చెప్పనక్కరలేదు. ఏ2లో జైలు లేదు. పోరు మొదలయ్యే ముందు మీరు ఎంచుకున్న ప్రత్యేక వరం రద్దవుతుంది, ఆ పోరు ముగిసేదాకా పడిపోయిన మీవారిని మళ్లీ లేపడానికి వీలుండదు. మొదటి భాగంలో చట్టాలతో విసిగిపోయినవారు ఈ మార్పును మనసారా మెచ్చుకున్నారు. ఆ కఠినత్వమే ఆటకు ప్రాణమని నమ్మినవారు న్యాయాధికారికి కోరలు పీకేశారని అన్నారు. రెండు మాటలూ నిజాయితీగా అన్నవే.

నా అభ్యంతరం మాత్రం శిక్ష ఎంత అన్నదాని మీద కాదు, చట్టం ఎలాంటిది అన్నదాని మీద. ఏ2లో కొన్ని పోరాటాల్లో ‘దెబ్బ గురి తప్పరాదు’ అన్నదే చట్టంగా ఉంటుంది. దెబ్బ తగలడం శాతాల లెక్క మీద ఆధారపడినది కాబట్టి, ఆటగాడు ఎంత ఆలోచించి అడుగు వేసినా అదృష్టం తిరగబడితే నేరస్థుడవుతాడు. దెబ్బ తిన్నవాడు వెనక్కి తూలకూడదన్న చట్టం కూడా ఈ కోవలోనిదే. నిప్పు మంత్రం వాడవద్దంటే మానుకోవచ్చు, ఆ పరిమితి లోపల కొత్త ఎత్తు వేయవచ్చు, అందులో ఆనందం ఉంది. మన చేతిలో లేనిదాన్ని నిషేధించడం రూపకర్తల అజాగ్రత్త తప్ప మరొకటి కాదు. ఏ2ని మెచ్చుకునేవారు సైతం ఈ ఒక్క విషయంలో సమర్థింపుకు దిగకపోవడం నేను గమనించాను.

మంత్రశక్తి మరో పేచీ. ఏ2లో ప్రతి ఒక్కరూ పోరును సున్నా ఎంపీతో (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) మొదలుపెట్టి వంతుకు పది చొప్పున కూడబెట్టుకుంటారు. మొదటి వంతులోనే పెద్ద మంత్రం వేసి పోరును ముగించే అలవాటున్నవారికి ఇది కాళ్లకు బంధం వేసినట్టు అనిపిస్తుంది. నాకు ఇది మంచి మార్పుగానే తోచింది. మాంత్రికుణ్ణి ఎక్కడ నిలపాలి, ఎన్ని వంతులు కాపాడుకోవాలి అన్న ఆలోచన పోరాటానికి బరువునిస్తుంది.

ఇక కథ. మొదటి భాగంలో మార్ష్, అతని నేస్తాలు ఒక పాత పుస్తకం వల్ల ఇవాలిస్ అనే లోకంలో చిక్కుకుంటారు. నడవలేని తమ్ముడు డోనెడ్ ఆ లోకంలో నడుస్తాడు, తల్లిని పోగొట్టుకున్న మ్యూట్‌కు తల్లి దొరుకుతుంది. అయినా మార్ష్ ఆ లోకాన్ని చెరిపేసి అందర్నీ వెనక్కి తీసుకుపోవాలని పట్టుబడతాడు. అతను చేసింది న్యాయమా, తమ్ముడి ఆనందాన్ని లాక్కునే హక్కు అతనికి ఎవరిచ్చారు అని ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారంటే ఆ కథ ఎంత లోతుగా గుచ్చిందో అర్థం చేసుకోవచ్చు. ఏ2లో ల్యూసో అనే అల్లరి కుర్రవాడు వేసవి సెలవులకు ముందురోజు శిక్షగా బడి గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి పుస్తకంలో తన పేరు రాసి ఇవాలిస్‌కు చేరతాడు. ఖాళీ పుటలను తన సాహసాలతో నింపితే ఇంటికి వెళ్లవచ్చు. ఎవరి ఆనందమూ బలి కానక్కరలేదు కనుక, ఇక్కడ వాదించుకోవడానికి ఏమీ మిగలదు. కథ తేలికైందన్న ఫిర్యాదుకు మూలం ఇదే, అది సరైన ఫిర్యాదే. అయితే ఒక్కొక్క చిన్న పనినీ ఒప్పుకుని, ముగించి, జట్టును మలచుకోవడంలో తృప్తి పొందేవారికి ఆ తేలికదనమే కావాలి. సీక్, గ్రియా అనే రెండు కొత్త జాతులు కూడా చేరాయి కాబట్టి జట్టు కూర్పులో ఆలోచించడానికి మొదటి భాగంలో కన్నా ఎక్కువే ఉంది.

అంగడి పద్ధతి గురించి మాత్రం ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. ఈ ఆటల్లో నైపుణ్యం ఆయుధం నుంచి నేర్చుకోవలసిందే, ఏ2లో ఆ ఆయుధాలు చాలావరకు మీరు పోగుచేసిన సరుకును అంగడిలో ఇస్తేనే అమ్మకానికి వస్తాయి. ఏ సరుకు ఇస్తే ఏది వస్తుందో ముందుగా చెప్పకపోవడం వల్ల, అరుదైన సరుకును అక్కరలేని వస్తువుకు ఖర్చు పెట్టేసి తర్వాత బాధపడినవారి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఆడండి. మొదటి భాగం అలవాటున్న మీరు కఠిన స్థాయి ఎంచుకోవడమే మంచిది.

ప్రశ్న: ఏ2 కోసం వెతుకుతుంటే సందేశాల యాప్‌లోని ఒక బృందంలో ‘ఆటతో కలిపి సిద్ధం చేసిన యాప్’ దొరికింది. ఫోన్లో వేసుకున్నాను. తెరవగానే ఎస్సెమ్మెస్‌లు చదవడానికీ, యాక్సెసిబిలిటీకీ అనుమతి అడిగితే ఇచ్చాను. ఆట మొదలు కాలేదు. ఏం చేయాలి?

దయచేసి ఈ జవాబు పూర్తిగా చదివే ముందే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మొబైల్ డేటా, వైఫై రెండూ ఆగిపోవాలి. తర్వాత ఇంట్లో వేరొకరి ఫోన్ నుంచి మీ బ్యాంకుకు ఫోన్ చేసి, నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డులు తాత్కాలికంగా ఆపించండి. ఆ వేరే ఫోన్ నుంచే ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, మీ ఫోన్ నుంచి మాత్రం మార్చవద్దు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపడానికి అవకాశం ఉండేది ఆ తొలి గంటల్లోనే. ఇవన్నీ అయ్యాక సెట్టింగుల్లో ఆ యాప్‌కు ఇచ్చిన యాక్సెసిబిలిటీ అనుమతిని, డివైస్ అడ్మిన్ హక్కు ఇచ్చి ఉంటే దాన్ని కూడా తీసేసి, యాప్‌ను తొలగించండి. తొలగించనివ్వకపోతే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు నడవని స్థితి) తెరిచి ప్రయత్నించండి. తొలగించినా సరే, ఫొటోలు మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయమనే నా సలహా.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య నన్ను అన్నింటికన్నా భయపెడుతున్నది ఇదే. డీఎస్ ఆట నకలు అంటే కేవలం సమాచారం. దాన్ని ఎమ్యులేటర్ అనే వేరే సాఫ్ట్‌వేర్ చదవాలి, తనంతట తాను నడిచే శక్తి దానికి లేదు. ఆ ఆట ఫోన్ మీద ఏపీకే అనే యాప్ ఫైలు రూపంలోనో, కంప్యూటర్ మీద ఈఎక్స్ఈ అనే ప్రోగ్రాం ఫైలు రూపంలోనో మీ చేతికి వస్తోందంటే ఆటతో పాటు, లేదా ఆటకు బదులు, మరేదో వస్తోందన్నమాట. 2007 నాటి ఆటకు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏమిటి పని? ఆ అనుమతి ఓటీపీ చదవడానికి. యాక్సెసిబిలిటీ అంతకన్నా ప్రమాదకరం. చూపు లేనివారికి, చేతులు సరిగా ఆడనివారికి సాయపడాలని పెట్టిన ఆ సదుపాయం ద్వారా యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. మీరు ఆట ఎందుకు తెరుచుకోలేదా అని చూస్తున్నంతసేపూ అది తన పని తాను చేసుకుపోతుంది. ఆట తెరుచుకోకపోవడం లోపం కాదు, అక్కడ మొదటి నుంచీ ఆట లేదు.

వేలకొద్దీ పాత ఆటలు నింపి అమ్మే చవక చేతి పరికరాల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. వాటిలో కొన్ని ఎన్నడూ భద్రతా నవీకరణ అందుకోని పాత ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి, తెరవగానే మీ గూగుల్ ఖాతా అడుగుతాయి. మీ అసలు ఖాతా ఇవ్వకండి. ఆ ఖాతాకే మీ బ్యాంకు ఈమెయిళ్లు, ఫొటోలు, ఫోన్ నంబర్ల జాబితా ముడిపడి ఉంటాయి. పిల్లల చేతికి ఇచ్చే పరికరమైతే వైఫైకి కలపకుండానే ఆడనివ్వండి. దానితో వచ్చే మెమరీ కార్డును ఇంట్లోని కంప్యూటర్‌లో పెట్టి, అందులో ఉన్న ప్రోగ్రాములను నడపవద్దు. ఆ కార్డులో నింపిన ఆటలు హక్కుదారుల అనుమతి లేని నకళ్లన్నది కూడా మరవకూడదు. నకలు ఎక్కడ దొరుకుతుందో చెప్పమని అడిగేవారికి నేను ఆ జాడలు ఇవ్వను.

ఇక్కడ ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి నా ఆవేదన చెప్పుకోవాలి. డబ్బు చేతిలో పట్టుకుని, న్యాయంగా కొనుక్కుంటానని వచ్చే పాఠకుడికి నేను ఏ దారి చూపించాలి? మొదటి భాగాన్ని 2016లో వీ యూ అనే ఇంటి కన్సోల్ డిజిటల్ దుకాణంలో అమ్మకానికి పెట్టారు. 2023 మార్చిలో ఆ దుకాణంలో కొనుగోళ్లే ఆపేశారు. ఏ2కు ఆ మాత్రం భాగ్యం కూడా దక్కలేదు. డీఎస్ కార్ట్రిడ్జ్‌గా (పరికరంలో పెట్టి ఆడే చిన్న బిళ్ల) పుట్టింది, డీఎస్ కార్ట్రిడ్జ్‌గానే ఉండిపోయింది. ఒక ఆటను అమ్మకం నుంచి తప్పించినంత మాత్రాన దాని మీద ప్రేమ తగ్గదు. ఆ ప్రేమ వెతుక్కుంటూ వెళ్లే దారిలో దొంగలు కాపు కాస్తారు. నకళ్ల మీద కఠినంగా మాట్లాడే సంస్థలు తమ పాత ఆటలను కొనగలిగే స్థితిలో ఉంచడం కూడా తమ బాధ్యతేనని గుర్తించాలి. కొత్త పరికరం తెచ్చిన ప్రతిసారీ వెనుకటి పరికరంలో కొన్నవన్నీ అక్కడే పాతిపెట్టడం కొన్నవారిని గౌరవించే పద్ధతి కాదు.

ప్రశ్న: వాడిన ఏ2 కార్ట్రిడ్జ్ కొన్నాను. రెండు రోజులు ఆడాక సేవ్ (ఆడినంతవరకూ దాచుకున్నది) మాయమైంది. లోపలి బ్యాటరీ అయిపోయి ఉంటుందని అమ్మినతను అన్నాడు.

అది నిజం కాదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లలో కొన్నింటికి సేవ్ నిలిపే బ్యాటరీ ఉండేది. ఏ2 అసలు కార్ట్రిడ్జ్‌లో సేవ్ బ్యాటరీ మీద ఆధారపడదు. కాబట్టి అలా చెప్పి అమ్మినది నకిలీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. వాపసు గడువు ఉంటే వెంటనే తిప్పి పంపండి. కొనబోయేవారు అమ్మేవారిని ఒక పరీక్ష అడగాలి: ఆట కాసేపు ఆడి సేవ్ చేసి, పరికరం ఆపి, కార్ట్రిడ్జ్ బయటికి తీసి, మర్నాడు మళ్లీ పెట్టి సేవ్ ఉందో లేదో వీడియోలో చూపించమనాలి. సరైన సరుకు అమ్మేవారికి ఇది కష్టమైన కోరిక కాదు.

రెండు భాగాలూ ఒకే పరికరంలో ఆడాలనుకునేవారికి డీఎస్ లైట్ సరిపోతుంది, దానికి రెండు రకాల కార్ట్రిడ్జ్‌లకూ చోటుంది. 2008లో వచ్చిన డీఎస్ఐ నుంచి గేమ్‌బాయ్ చోటు తీసేశారు. ఏ2 ఒక్కటే చాలనుకుంటే 3డీఎస్ మీద కూడా ఆడవచ్చు. పాత పరికరం కొనేటప్పుడు వెనుక మూత తీయించి బ్యాటరీ ఉబ్బిందేమో తప్పక చూడండి, ఉబ్బితే దాన్ని చార్జింగ్‌కు పెట్టవద్దు.

ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వేసుకున్నాక నలభై గంటల ఆట పోయిందని మరొకరు రాశారు. ఆయన ఇన్ని రోజులూ ఆటలోని సేవ్‌ను ముట్టుకోకుండా, ఎమ్యులేటర్ ఇచ్చే ‘సేవ్ స్టేట్’ ఒక్కదాన్నే నమ్ముకున్నారు. సేవ్ స్టేట్ ఆ క్షణంలో ఎమ్యులేటర్ జ్ఞాపకంలో ఉన్నదాని ప్రతి. ఎమ్యులేటర్ మారితే ఆ ప్రతిని కొత్తది చదవలేకపోవచ్చు. ఆటలో చేసే సేవ్ వేరు, అది కార్ట్రిడ్జ్ సేవ్‌తో సమానమైన ఫైలు, ఒకచోటి నుంచి మరోచోటికి మారినా సాధారణంగా పనిచేస్తుంది. ఎన్నిసార్లు రాసినా ఈ తేడా పట్టించుకోకుండా గంటలకు గంటలు పోగొట్టుకునేవారిని చూస్తే నాకు బాధతో పాటు కోపం కూడా వస్తోంది. ఆయన పాత వెర్షన్‌ను మళ్లీ వేసి, అందులో ఆ స్టేట్‌ను తెరిచి, ఆటలోనే సేవ్ చేసి, ఆ తర్వాతే కొత్త వెర్షన్‌కు మారాలి. పాత వెర్షన్‌ను దాని తయారీదారుల అసలు చోటు నుంచే తీసుకోవాలి, ఇంకెక్కడి నుంచీ కాదు.

ప్రశ్న: 2025లో ‘టాక్టిక్స్’ కొత్త రూపంలో వచ్చిందన్నారు. అది ఏ2యేనా?

కాదు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ‘ది ఇవాలిస్ క్రానికల్స్’ 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన తొలి ‘టాక్టిక్స్’కు మెరుగులు దిద్దిన రూపం. కథ, మనుషులు, బరువు అన్నీ వేరు. అందులో న్యాయాధికారులు లేరు, చట్టాలు లేవు. ఏ2 కథ లోతు లేనిదని నిరాశపడినవారు అది కొనుక్కోవచ్చు. నేటి కన్సోళ్ల మీదా, కంప్యూటర్ మీదా చట్టబద్ధంగా దొరుకుతోంది. ల్యూసో కోసం వెతికేవారు మాత్రం దాన్ని కొని నిరాశపడవద్దు.